చెంగమ్మ ముక్కు, మునిరత్నం బొటనవేలు

ప్లాస్టిక్ ఎక్కడుంది?

"ప్లాస్టిక్కు ముక్కంటే ఎండకి కరిగిపోదా మేడమ్?"

నా ఉద్యోగ జీవితంలో నన్నడిగిన వాటన్నిట్లో తెలివైన ప్రశ్న ఇదే. అడిగినవాడు కార్వేటినగరం దగ్గరి పల్లె నుంచి పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చిన, రాళ్లు కొట్టే మనిషి. చుట్టూ ఉన్న హౌస్ సర్జన్లు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. మా పెద్ద డాక్టరుగారికి, అంటే సర్జరీ విభాగం అధిపతికి, ఆ మాత్రం సందేహం కూడా ఏనాడూ రాలేదు. ప్లాస్టిక్ సర్జరీ అంటే సినిమావాళ్లకు సోకులు చేసే పని అని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నారు.

డెబ్బైల చివర్లో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఈ పని మొదలుపెట్టాను. ఊరి పేరు రాశాను, ఆసుపత్రి పేరు రాయను. అక్కడి గోడలు చేసిన పాపమేమీ లేదు. నాకిచ్చింది నాలుగు మంచాలు, వారానికి ఒక్క పూట థియేటరు. మిగతా రోజుల్లో అందరిలాగే గడ్డలు కోయడం, హెర్నియాలు కుట్టడం.

"ఆడపిల్లవు, కాన్పులు చేసుకుంటే పుణ్యమూ పేరూ రెండూ వచ్చేవి కదమ్మా" అన్నారు పెద్దాయన మొదటిరోజే.

"పుణ్యం మీరుంచుకోండి సార్, నాకు థియేటరు ఇవ్వండి" అన్నాను.

ఆ ఒక్క మాటకు ఆయన రిటైరయ్యేదాకా అనుభవించాను. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ అదే అంటాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడూ అడుగుతుంటారు, మీ కాలంలో ఎలాంటి కేసులు వచ్చేవని. బెల్లం ఆడే రోజుల్లో ఐరాల వైపు నుంచి చెరకు గానుగలో నలిగిన చేతులు వచ్చేవి. ఎముక బాగుంటుంది, వేళ్లు కదులుతాయి, పైన తోలు మాత్రం చేతి తొడుగు లాగేసినట్టు ఊడిపోయి ఉంటుంది. మణికట్టు దగ్గర తీసేస్తే ఒక పూటలో పని అయిపోతుంది. నేను ఆ చేతిని పొట్ట చర్మానికి కుట్టి, మూడు వారాలు అలాగే ఉంచి, ఆ చర్మానికి చేతి నుంచే రక్తం అందడం అలవాటయ్యాక వేరు చేసేదాన్ని. మూడు వారాలు ఒక్కడే మంచం పట్టుకుని కూర్చుంటాడని పెద్దాయన సణుగుడు. రైతుకు చెయ్యి ఉండాలనుకోవడం కూడా సోకేనా అని నేను వార్డులో అందరిముందూ అడిగాను. ఆయన మంచాలు నాలుగు నుంచి మూడు చేశారు.

మా శాస్త్రమంతా ఇంతే. చర్మాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మళ్లించేటప్పుడు దాని రక్తం దారి తెగకూడదు. ఎర్రగా ఉంటే బతికింది. నీలిగా ఉంటే ఊపిరాడక గింజుకుంటోంది. తెల్లబడితే పోయింది. మన చామనఛాయ చర్మాల మీద ఆ రంగులు పుస్తకంలో బొమ్మల్లాగా కనబడవు కాబట్టి, వేలితో నొక్కి వదిలి, రంగు తిరిగి ఎంతసేపటికి వస్తుందో మీరే చూడాలి. నర్సును చూడమని చెప్పి ఇంటికి పోయేవాళ్లు ఈ పనికి రావద్దు.

ముక్కిడి

ప్లాస్టిక్ కరగదా అని అడిగినవాడి పెళ్లాం పేరు చెంగమ్మ. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ముఖం కనబడకుండా కొంగును నుదుటి మీదికి లాగి, కింది కొసను పళ్లతో పట్టుకుని కూర్చుంది. తియ్యమంటే తియ్యదు. మొగుడే చెప్పాడు.

"నేను కొయ్యలేదు మేడమ్. ఒట్టు. ఎలుగ్గొడ్డు మేడమ్."

నేను అడగలేదే! అడగకముందే ఎందుకు చెబుతున్నాడో కొంగు తీశాక అర్థమైంది. కళ్ల మధ్య ఎముక ఉంది. దాని కింద ముక్కు ఉండాల్సినచోట రెండు రంధ్రాలున్నాయి, అంతే. సీతాఫలాల కోసం గుట్టకు పోతే పొదలోంచి ఎలుగుబంటి మీదపడింది. ప్రాణం దక్కింది, ముక్కు పోయింది.

మనవైపు ఆడమనిషికి ముక్కు లేదంటే, మొగుడు కోశాడంటారు. మొగుడు కోశాడంటే, ఆమె ఏదో చేసే ఉంటుందంటారు. ఎలుగుబంటి సంగతి ఊళ్లోవాళ్లకు తెలుసు, పక్క ఊరికి తెలియదు. బస్సులో కండక్టరు టికెట్టిస్తూ మొగుణ్ణి కిందికీ మీదికీ చూశాడట. వాడు తిరుపతి వచ్చేదాకా ఆ బస్సులో ప్రతివాడికీ ఎలుగుబంటి కథ చెబుతూనే ఉన్నాడట.

"ముక్కు లేకపోతే సస్తానామా? తినేదానికి నోరుండాది" అంది చెంగమ్మ. గాలి ముక్కుదారిన సరిగ్గా పోక మాట బుసబుసమంటూ వచ్చింది. "మా ఊళ్లో బాలవాడిలో ఆయాను నేను. పిలకాయలకి తినిపించేది, తొడల మీద పండబెట్టుకునేది అంతా నేనే. ఇప్పుడు నన్ను సూస్తే గుక్కపెట్టి ఏడస్తా ఉండారు. వాళ్లే నాకు ముక్కిడి అని పేరు పెట్టినారు. అదొకటే ఓర్సుకోలేకుండా ఉండాను."

పైనుంచి వచ్చిన సూపర్‌వైజరమ్మ ఒక గడువు పెట్టిందట. జూన్‌లో బాలవాడి తెరిచేలోగా పిల్లలు జడుసుకోని ముఖంతో వస్తే సరి, లేకపోతే వేరే ఆయాను పెట్టుకుంటాం అని. అప్పటికి శివరాత్రి వెళ్లి వారమైంది.

పెద్దాయన కేసు షీటు చూసి, "అలంకారం" అని పక్కన పడేశారు. నేను దాన్ని తీసి మళ్లీ ఆయన ముందే పెట్టాను. మూడోసారి పెట్టినప్పుడు సంతకం చేశారు, నా మొహం చూడటం విసుగుపుట్టి.

నేను చేసిన తప్పు

నుదుటి చర్మంతో ముక్కు కట్టడం ఈ దేశంలో పుట్టిన విద్య. ఎవరో పరాయివాళ్లు వచ్చి నేర్పింది కాదు. కనుబొమ్మ దగ్గర కాడ ఉంచుకుని, నుదుటి మీద ముక్కు ఆకారంలో చర్మాన్ని లేపి, కిందికి తిప్పి, ముక్కుండాల్సిన చోట కుడతాం. ఆ కాడలోంచే రక్తం వస్తుంది. మూడు వారాలకు ముక్కు తన చుట్టుపక్కల నుంచి రక్తం తెచ్చుకోవడం నేర్చుకుంటుంది. అప్పుడు కాడ తెంపుతాం. నుదుటి మీద మిగిలిన గాయానికి తొడ చర్మం పల్చగా తీసి అతికిస్తాం. తలకిందులుగా తిరుగుతుంది కాబట్టి, నుదుట్లో అన్నిటికన్నా పైనున్న చర్మమే ముక్కు కొస అవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా పరువు పోయింది అక్కడే.

ఆపరేషనుకు చేరమన్న రోజు భార్యాభర్తలిద్దరూ నున్నటి గుండ్లతో, గుండ్ల మీద గంధంతో వచ్చారు. ముందు రోజే కొండెక్కి మొక్కు చెల్లించుకున్నారట.

"ముక్కొచ్చినాక గదా ఇయ్యాల్సింది?" అన్నాను.

"అప్పు పుట్టే మొకాలా మేడమ్ మావి? ముందే ఇచ్చేస్తే ఆయనకీ ఒక బాధ్యత ఉంటాది" అన్నాడు మొగుడు.

నాకు ముచ్చటేసింది. తలకు మళ్లీ కత్తి పెట్టే శ్రమ కూడా సగం తప్పిందనుకున్నాను. తిరుపతిలో పనిచేసే ప్రతి సర్జనూ గుండ్లు చూసి చూసి, గుండును తలగా చూడటం మరిచిపోతాడు. మొదటిసారి ఆమె కొంగు తీసినరోజు నా కళ్లు ముక్కు మీదే ఉన్నాయి. నుదురు కొలవలేదు. జుట్టు ఎక్కడ మొదలవుతుందో చూడనేలేదు.

మా ఆసుపత్రిలో ఆపరేషనుకు ముందు వెంట్రుకలు గీసే ఉద్యోగం మునిరత్నానిది. యాభై దాటినవాడు. పెళ్లిళ్ల రోజుల్లో సెలవు పెట్టి నాదస్వరం వాయించడానికి పోయేవాడు. ఆరోజు చెంగమ్మ గుండుకు మళ్లీ ఒకసారి కత్తి వేసి, తడిగుడ్డతో తుడిచి, బొటనవేలిని కిందినుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి నడిపాడు. నేను కడిగి ఎండబెట్టిన పాత ఎక్స్‌రే ఫిల్మును ముక్కు ఆకారంలో కత్తిరించి, ఆమె నుదుటి మీద పెట్టి సిరాతో గీస్తున్నాను.

"డాక్టరమ్మా, ఈయమ్మది పొట్టి నొసలు. ఎంటికలు ఈడ దాకా ఉండాయి" అని నేను గీసిన గీతకు వేలెడు కింద బొటనవేలు పెట్టాడు.

"నువ్వు గుండు గీసే పని చూడు మునిరత్నం, నుదురు గీసే పని నేను చూసుకుంటాను" అన్నాను.

హౌస్ సర్జన్లు నవ్వారు. నేను కూడా నవ్వాను, బాగా అన్నాననుకుని. అతను కత్తి మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆపరేషను దివ్యంగా జరిగింది. నిజంగానే. మూడు గంటలు పట్టింది, ముక్కు ఎర్రగా నిలబడింది. చూడటానికి పక్క వార్డుల డాక్టర్లు కూడా వచ్చారు. పెద్దాయన కూడా వచ్చి చూసి, "ఊఁ" అన్నారు. ఆ ఊఁ కోసం నేనెంత ఎదురుచూశానో ఇప్పుడు తల్చుకుంటే నాకే సిగ్గేస్తుంది.

మూడు వారాలకు కాడ తెంపాను. ముక్కు కొస మీద నల్లటి చుక్కలు కనబడ్డాయి. ఎండిన రక్తమనుకుని స్పిరిట్ దూదితో తుడిచాను. పోలేదు. ఇంకోసారి తుడిచాను. పక్క మంచం రోగికి గీస్తున్న మునిరత్నం తలెత్తి చూశాడు. మళ్లీ తలదించుకున్నాడు. ఇంకో పదిహేను రోజులకు ఆ చుక్కలు వెంట్రుకలయ్యాయి. ముక్కు కొస మీద, రంధ్రాల అంచుల మీద, గడ్డం మాసినవాడి గడ్డంలాగా.

తల ఎత్తుకోలేకపోయాను.

చెప్పడం

"ఆమెకు చెప్పొద్దు. కొందరికి అలా వస్తాయని చెప్పి పంపించెయ్. ముక్కు అడిగింది, ముక్కు ఇచ్చావు" అన్నారు పెద్దాయన. అని ఊరుకోలేదు. "అందుకే అన్నాను, ఈ అలంకారాలు మనకొద్దని. వచ్చే నెల నుంచి ఆ మంచాలు నాకిచ్చెయ్."

ఇది చదివే పిల్లలకు సూటిగా చెబుతున్నాను. తప్పు దాచమని చెప్పే పెద్దవాళ్లు మీకు ప్రతిచోటా దొరుకుతారు. వాళ్లు మిమ్మల్ని కాపాడుతున్నట్టే మాట్లాడతారు. నిజానికి మిమ్మల్ని గుప్పిట్లో పెట్టుకుంటారు. మీ తప్పు వాళ్ల గుప్పిట్లో ఉన్నన్నాళ్లూ మీ నోరు లేవదు. నేను నేరుగా వార్డులోకి పోయి చెంగమ్మ మంచం మీద కూర్చున్నాను.

"చెంగమ్మా, ఇది నీ తలరాత కాదు, నా తప్పు. తలలో చర్మం కలిపి తీశాను. మునిరత్నం ముందే చెప్పాడు. నేను వినలేదు."

ముందు మొగుడే తేరుకున్నాడు. "కొండ మింద ఇచ్చిన ఎంటికలు ముక్కు మిందికి తిరిగొచ్చినాయే!" అన్నాడు.

"గమ్మునుండు నువ్వు!" అని చెంగమ్మ కసిరింది. తర్వాత ముక్కు కొసను చేత్తో తడుముకుంటూ ఏడ్చింది. "ముక్కు లేనప్పుడు జడుసుకుంటా ఉండినారు. ఇప్పుడు నగతారు. ఏది మేలుమా? జూన్ వచ్చేసె గదా!"

చర్మాన్ని ఒక పక్క నుంచి మళ్లీ ఎత్తి, లోపలి వైపు నుంచి వెంట్రుకల కుదుళ్లు కత్తిరించవచ్చు. కానీ కుదుళ్ల కోసం పల్చన చేస్తే రక్తం అందక ముక్కు మొత్తం పోవచ్చు. ఇంకోసారి తీద్దామంటే నుదుటి మీద చర్మం మిగల్లేదు. ఇదంతా దాచకుండా చెప్పాను. చేస్తే ఉన్నదీ పోవచ్చు, ఊరుకుంటే గడ్డం ముక్కుతో బతకాలి.

చెంగమ్మ కళ్లు తుడుచుకుంది.

"తప్పు చేసినానని నువ్వు నోటితో చెప్పినావు. ఇంతవరకూ నాకెవురూ చెప్పలేదట్ల. చెయ్‌మా. పోతే పోతాది."

వాలు

మునిరత్నం వెనక వరండాలో తోలుపట్టీ మీద కత్తి నూరుకుంటున్నాడు. నేను పోయి నిలబడ్డాను. ఆ పెద్దాయన నన్ను ఏ చూపు చూస్తారని నేను మండిపడేదాన్నో, అదే చూపు నేను ఇతణ్ణి చూశాను. అతని కులాన్ని చూశాను, అతని చెయ్యిని చూడలేదు.

"మునిరత్నమన్నా, నువ్వు చెప్పిందే నిజం. నాదే పొగరు" అన్నాను.

"ఎంటికలు యాడికి పోతాయిమా? తోలు యాడికి పోతే ఆడికే పోతాయి" అన్నాడు. అంతే, దెప్పలేదు. కత్తి పక్కన పెట్టి, "ఇంకోతూరి కోస్తావా?" అని అడిగాడు.

"కోస్తాను. ఎలా కోయాలో నువ్వు చెప్పు."

"అయితే వారం దినాలు గీయొద్దు. పెరగనీ. ఎంటిక నిట్టనిలువున దిగదుమా, వాలుగా దిగతాది. పైకి ఎటుపక్క పడుకునుంటాదో లోపల దానికి ఎదురుపక్క ఉంటాది కుదురు. ఆ వాలు సూసుకోని పోతే అనవసరంగా కండ తెగదు."

ఇది నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు.

పెద్దాయన థియేటరు ఇవ్వనన్నారు. కాలినగాయాల కట్లు మార్చే చిన్నగది ఉండేది, మధ్యాహ్నాలు ఖాళీ. అక్కడ చేశాను. పూర్తి మత్తు లేదు, ముక్కు చుట్టూ తిమ్మిరెక్కించే సూదిమందు మాత్రమే. చెంగమ్మకు మెలకువే. మునిరత్నానికి గౌనూ మాస్కూ వేయించి తలవైపు నిలబెట్టాను. ఈ సంగతి తెలిసి పెద్దాయన గుమ్మం దాకా వచ్చారు.

"ఆపరేషన్లోకి మంగలా? రేపు చాకల్ని కూడా తెస్తావా?"

"నాకు తెలియనిది అతనికి తెలిస్తే తెస్తాను సార్. తలుపు వెయ్యండి, దుమ్ము వస్తుంది" అన్నాను.

పుస్తకం అట్ట ఎత్తినట్టు ఒక పక్క చర్మం ఎత్తి, కుదుళ్లు ఒక్కొక్కటే కత్తిరిస్తూ పోయాను. "ఆ పక్క ఇంకా రొంత వాలుమా... సాలు, అది తోలు, ఎంటిక కాదు" అని మునిరత్నం చెబుతుంటే విన్నాను. సాయంత్రానికి ముక్కు కొస నీలిగా తిరిగింది. నొక్కి వదిలాను, రంగు ఆలస్యంగా వచ్చింది కానీ వచ్చింది. రెండు కుట్లు విప్పి, లోపల కట్టిన రక్తాన్ని వదిలించి, స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. మరునాడు పొద్దున నర్సు కిటికీ తెరిచేసరికి ముక్కు ఎర్రగా ఉంది. చిన్నపిల్లలా ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం.

ఆ రోజు ఆపరేషను రిజిస్టరులో సర్జను పేరు కింద ఇంకో వరుస రాశాను. "వెంట్రుకల హద్దు గుర్తించినవారు: మునిరత్నం." పెద్దాయన ఎర్రసిరాతో కొట్టేశారు. నేను దాని కింద మళ్లీ రాశాను. ఆ తర్వాత నుదుటి చర్మం తీసిన ప్రతి కేసులో, ఫిల్ము పెట్టకముందే సిరా కలం మునిరత్నం చేతికిచ్చాను, ప్రతిసారీ ఆ వరుస రాశాను. ప్రతిసారీ ఆయన కొట్టేశారు. ఎర్రసిరా ముందు అయిపోతుందో నా ఓపిక అయిపోతుందో చూద్దామనుకున్నాను. చివరికి ఆయనే రిటైరయ్యారు.

కార్వేటినగరం దారిలో

మరుసటి ఏడు ఒక వైద్య శిబిరానికి ఆ వైపు వెళ్లాను. చెంగమ్మ పల్లె దారిలోనే ఉందని జీపు ఆపించి, బోరింగు దగ్గర నీళ్లు పడుతున్న ఒకామెను అడిగాను.

"ఇక్కడ చెంగమ్మని..."

"ఏ చెంగమ్మ? మా ఊళ్లో ముగ్గురుండారు."

"ఆమె... ముక్కు..." అని నసిగాను.

"ముక్కా?" అని ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఓ, బాలవాడి చెంగమ్మా! ఆడుండాది సూడు, రేకుల కొట్టం."

నేను రోడ్డు మీదే ఒక నిమిషం నిలబడిపోయాను.

కొట్టంలో పిల్లలు వరసగా కూర్చుని ఉప్మా తింటున్నారు. చెంగమ్మ జుట్టు పెరిగి, చిన్న ముడి వేసుకుంది. తల మీద కొంగు లేదు. నన్ను చూసి లేవబోయింది, ఒళ్లో రెండేళ్ల పిల్ల ఉండటంతో లేవలేకపోయింది. ముందు మునిరత్నాన్నే అడిగింది, "ఆయప్ప బాగుండాడామా?" అని. తర్వాత వేలితో ముక్కు కొస చూపించి, "ఇంకా రెండే రెండు వస్తాయి. మాయప్ప పట్టకారుతో పెరికేస్తాడు. మిగతావి ఆయప్ప సూపించినాడు, నువ్వు తీసేసినావు, ఈ రెండూ మాయప్ప వంతు" అని నవ్వింది. మొగుణ్ణి ఆమె మాయప్ప అనడం అప్పుడే విన్నాను.

ఆ ముక్కు అందమైనదని నేను చెప్పను. కొస కొంచెం లావు, ఎడమ రంధ్రం కుడిదానికన్నా చిన్నది, నుదుటి మీద అతుకు మచ్చ ఉంది. సర్జను కన్నుతో ఆ లోపాలన్నీ లెక్కపెడుతుండగానే, ఒళ్లో పిల్ల చటుక్కున చెయ్యి చాచి ఆ ముక్కును గుప్పిట పట్టుకుని లాగింది.

"ఏయ్! మెల్లగా, మెల్లగా!" అని నేను కేకపెట్టి ముందుకు దూకాను.

చెంగమ్మ కదల్లేదు. ముక్కు పిల్ల గుప్పిట్లో ఉండగానే నావైపు చూసి అంది, "లాగనీమా. పిలకాయలు పీకితే ఊడొచ్చేదైతే, నువ్వు కుట్టినట్టేముండాది?"